యుద్ధవిమానాల ఖరీదు ఎంత, పనితనం ఎంత? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు, అద్దంకి, కావలి వైపు ఎక్కడ కూర్చున్నా, వాయుసేన మాట వచ్చిందంటే తిరిగి తిరిగి ఇవే ప్రశ్నలు. వాయుసేనలో విమానాల మెయింటెనెన్స్ చేసి రిటైరై ఒంగోల్లో స్థిరపడినవాణ్ణి కాబట్టి నన్నే ఎక్కువ అడుగుతుంటారు. నేను పైలట్‌ని కాను. అందుకే నా చూపు కాక్‌పిట్ కంటే హ్యాంగర్ మీదే ఎక్కువ ఉంటుంది. జవాబులు కూడా అటే మొగ్గుతాయి.

కొరిశపాడు దగ్గర హైవే మీద యుద్ధవిమానాలు నిజంగా దిగాయా?

యుద్ధవిమానాలు దిగలేదు, రవాణా విమానాలు దిగాయి. 2022 డిసెంబరు 29న మొదటి ట్రయల్ జరిగింది. 2024 మార్చి 18న సుఖోయ్-30, హాక్ విమానాలు అక్కడ ఓవర్‌షూట్ చేశాయి. అంటే దిగుతున్నట్టే కిందికి వచ్చి, చక్రాలు నేలకు తగలకుండా మళ్ళీ లేచిపోయాయి. అదే రోజు ఏఎన్-32, డోర్నియర్ మాత్రం దిగి, మళ్ళీ ఎగిరాయి. సుఖోయ్ దిగడం కళ్ళారా చూశామని ఒట్టేసి చెప్పేవాళ్ళు మా పక్క ఇప్పటికీ ఉన్నారు. అంత కిందికి వచ్చిన సుఖోయ్ చప్పుడు విన్నాక ఎవరికైనా అలాగే అనిపిస్తుంది లెండి.

ఆ స్ట్రిప్ 16వ నంబరు జాతీయ రహదారిలోనే ఒక భాగం. పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు, మొత్తం కాంక్రీటు. కొరిశపాడు 2022లో జిల్లాలు విడగొట్టేదాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది.

ఎప్పుడో ఒకసారి వాడే రన్‌వేకి అంత ఖర్చు దండగ కాదా?

నన్నడిగితే వాయుసేన పెట్టే ఖర్చుల్లో దండగ అనిపించనివి ఇలాంటివే. ఎంత ఖరీదైన విమానమైనా ఎగరడానికీ దిగడానికీ రన్‌వే కావాలి. శత్రువు మొదట కొట్టేది కూడా దాన్నే. 2025 మే 10న మన వాయుసేన పాకిస్తాన్‌లోని రహీమ్‌యార్‌ఖాన్ స్థావరాన్ని కొట్టినప్పుడు రన్‌వే మీద గొయ్యి పడింది. దాన్ని వారాల తరబడి మూసి ఉంచారు. అలాంటి గొయ్యి మన దగ్గర పడితే, గాల్లో ఉన్న విమానం ఎక్కడ దిగాలి? రాజస్థాన్‌లో బాడ్‌మేర్ దగ్గర 2021 సెప్టెంబరు 9న జాతీయ రహదారి మీద మొదటి స్ట్రిప్‌ని ప్రారంభించింది ఈ ఆలోచనతోనే. నాలుగు కిలోమీటర్ల కాంక్రీటుకయ్యే ఖర్చు ఒక్క యుద్ధవిమానం ధర ముందు ఏ మూలకీ రాదు. మిగతా రోజుల్లో దాని మీద లారీలు తిరుగుతూనే ఉంటాయి.

మా తీరానికి ఇంకో లాభం కూడా ఉంది. తుఫాను వచ్చి రైల్వే లైను, రోడ్డు తెగిపోతే మందులూ మనుషులూ దిగాల్సింది ఏఎన్-32 లాంటి విమానంలోనే. ఆ రోజు నిజంగా దిగి చూపించింది అదే. తుఫాను రోజు సుఖోయ్ మనకేం చేస్తుంది?

రఫేల్ ధర ఒకరు 700 కోట్లంటారు, ఒకరు 1,600 కోట్లంటారు. ఏది నిజం?

ఏం లెక్కపెడుతున్నారన్న దాన్నిబట్టి రెండూ నిజమే. కారు కొనేటప్పుడు షోరూమ్ ధర వేరు, ఆన్‌రోడ్ ధర వేరు, పదేళ్ళు నడిపాక తేలే అసలు ఖర్చు వేరు. యుద్ధవిమానాల్లో ఈ మూడింటి మధ్య తేడా వేల కోట్లలో ఉంటుంది.

2016లో 36 రఫేళ్ళకు కుదిరిన ఒప్పందం సుమారు 7.87 బిలియన్ యూరోలు, మన లెక్కలో 59,000 కోట్ల రూపాయల దరిదాపు. దాన్ని 36తో భాగిస్తే ఒక్కోటి 1,600 కోట్లు దాటుతుంది. అందులో విమానం ఒక్కటే లేదు. మిస్సైళ్ళు, విడిభాగాలు, శిక్షణ, మన అవసరాలకు తగ్గట్టు చేయించుకున్న మార్పులు అన్నీ కలిసే ఉన్నాయి. వట్టి విమానం ధర అందులో సగం కంటే తక్కువే. నౌకాదళానికి 26 రఫేళ్ళ కోసం 2025 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం సుమారు 63,000 కోట్లు. దాన్నీ 26తో భాగించి "ధర పెరిగిపోయింది" అనడం తొందరపాటు. ఆ ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో ముందు చూడాలి.

రాజకీయ నాయకులు టీవీలో ధరలు పోల్చేటప్పుడు ఒకరు షోరూమ్ ధర పట్టుకుంటారు, ఎదుటివారు ఆన్‌రోడ్ ధర పట్టుకుంటారు. చూసేవాళ్ళకు మిగిలేది తలనొప్పి.

కొన్నాక ఏడాదికేడాదికీ అయ్యే ఖర్చు అంత ఎక్కువా?

అసలు ఖర్చు అక్కడే. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పేపర్లో వచ్చేది కొన్న రోజు వార్త మాత్రమే.

అమెరికా ఎఫ్-35నే తీసుకోండి. అమెరికా ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే జీఏఓ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆ విమానాలను వాటి జీవితకాలమంతా నడపడానికీ బాగుచేయడానికీ అయ్యే ఖర్చు 1.58 ట్రిలియన్ డాలర్లు. 2018లో ఇదే అంచనా 1.1 ట్రిలియన్. కొనుగోలు కూడా కలిపితే మొత్తం 2 ట్రిలియన్ డాలర్లు దాటుతోంది. ఇంత పెట్టినా 2023 మార్చిలో ఆ విమానాల్లో పనికి సిద్ధంగా ఉన్నవి 55 శాతం. అంటే వంద కొంటే ఏ రోజు చూసినా నలభై అయిదు నేలమీదే. విడిభాగాలు దొరకక కొన్ని, డిపోల్లో రిపేరుకు వరుసలో నిలబడి కొన్ని.

హ్యాంగర్‌లో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. ఒక చిన్న సీలో, వాల్వో రాకపోతే కోట్ల విమానం కదలకుండా కూర్చుంటుంది. అప్పుడు పక్క విమానంలో అదే భాగం విప్పి దీనికి బిగిస్తారు. ఇది ఎగురుతుంది, అది కూర్చుంటుంది. మళ్ళీ ఆ భాగం వచ్చాక దానికి బిగించాలి. ఒకే పని రెండుసార్లు చేయాలి, తప్పు జరిగే అవకాశమూ రెట్టింపు. కాగితం మీద మాత్రం స్క్వాడ్రన్‌లో (విమానాల దళంలో) విమానాల సంఖ్య మారదు.

అందుకే ఎవరైనా "మన దగ్గర ఇన్ని విమానాలున్నాయి" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న: రేపు పొద్దున ఎగరగలిగేవి ఎన్ని? రెండో ప్రశ్న: ఒక్కోటి రోజుకు ఎన్ని సార్టీలు (ఎగిరి, పని చూసుకుని తిరిగొచ్చే ట్రిప్పులు) తిప్పగలదు? పదింట్లో ఎనిమిది లేచి, రోజుకు మూడేసి సార్టీలు చేసే మామూలు విమానం ఇరవై నాలుగు సార్టీలు ఇస్తుంది. పదింట్లో అయిదే లేచి, ఒక్కోటి ఒక్కసారే వెళ్ళే గొప్ప విమానం ఇచ్చేవి అయిదు. ఆ అయిదూ ఇరవై నాలుగంత పనిచేస్తే సరే. చేస్తాయా అన్నదే అసలు వాదన.

స్టెల్త్ విమానం రాడార్‌కి అసలు కనపడదా?

కనపడుతుంది. దూరం నుంచి కనపడదు, కొన్ని రకాల రాడార్లకు సరిగ్గా కనపడదు, అంతే. ఆకారం, పై పూత వల్ల రాడార్ తరంగాలు వెనక్కి తక్కువగా వెళ్తాయి. పొట్టి తరంగాల రాడార్‌ని మోసం చేసినంత తేలికగా పొడుగు తరంగాల రాడార్‌ని మోసం చేయలేదు.

1999 మార్చి 27న సెర్బియాలో అమెరికా ఎఫ్-117ని కూల్చింది ఎస్-125 క్షిపణి. 1960ల నాటిది. మన వాయుసేన దశాబ్దాల పాటు వాడిన పెచోరా ఇదే. సెర్బు దళం పాత పొడుగు తరంగాల రాడార్ వాడింది. ఎదుటివాళ్ళు పసిగట్టకుండా రాడార్‌ని కొద్ది క్షణాలే ఆన్ చేసింది. ఎప్పటికప్పుడు చోటు మార్చుకుంటూ, విమానాలు వచ్చే దారి కనిపెట్టి కాచుకుంది. దాన్నిబట్టి స్టెల్త్ బూటకం అనకూడదు. ఆ యుద్ధంలో ఎఫ్-117లు వందల సార్టీలు చేశాయి, కూలింది ఒక్కటి.

మరి 200 కోట్ల డాలర్ల బాంబర్ వల్ల లాభం ఏమిటి?

అమెరికా బీ-2 సంగతే కదా. 132 కట్టాలనుకుని, ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక 21తో ఆపేశారు. పరిశోధన ఖర్చంతా ఆ 21 మీదే పడి ఒక్కోటి 2 బిలియన్ డాలర్లు దాటింది. ఎంత తక్కువ కడితే ఒక్కోటి అంత ఖరీదవుతుంది. ఖరీదు పెరిగిందని ఇంకా తగ్గిస్తారు. ఎఫ్-22 కథ కూడా ఇంతే. 2008లో గ్వామ్‌లో సెన్సర్లలోకి తేమ చేరి లెక్కలు తప్పడంతో ఒక బీ-2 టేకాఫ్‌లోనే కూలింది.

అయినా 2025 జూన్‌లో ఇరాన్‌లో కొండ కింద ఉన్న ఫోర్డో కేంద్రం మీద బాంబులు వేయాల్సి వచ్చినప్పుడు ఏడు బీ-2లే వెళ్ళాయి. అంత బరువైన బాంబును రహస్యంగా మోయగలిగే విమానం ఇంకోటి లేదు. ఒక్క పనికి తప్పనిసరి, మిగతా పనులకు దండగ. ఇలాంటి విమానాలు చాలా పెద్ద దేశాలకే చెల్లుతాయి.

తిరువనంతపురంలో ఇరుక్కుపోయిన ఎఫ్-35 సంగతి?

2025 జూన్ 14న దిగిన బ్రిటిష్ ఎఫ్-35బీ హైడ్రాలిక్ లోపంతో జూలై 22 దాకా అక్కడే ఉంది. కేరళ టూరిజం వాళ్ళు కూడా దాని మీద జోకులేశారు. నేనైతే నవ్వలేను. లోపం ఏ విమానానికైనా వస్తుంది. గమనించాల్సింది వేరే: దాన్ని బాగుచేయడానికి ఇంగ్లండ్ నుంచి ప్రత్యేక బృందం, ప్రత్యేక పరికరాలు వచ్చేదాకా ఎవరూ ఏమీ చేయలేకపోయారు. కొత్త తరం విమానం కొంటే ఈ పరాధీనత కూడా దాంతోపాటే వస్తుంది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ మనకు ఎఫ్-35 ఇస్తామన్నప్పుడు మా వాళ్ళు కొందరు ఎగిరి గంతేశారు. నాకు మాత్రం స్పేర్ల లిస్టు ఎవరి చేతిలో ఉంటుందా అన్న ఆలోచనే వచ్చింది.

ఖరీదైన విమానం ఉన్నవాళ్ళే గెలుస్తారా?

చరిత్ర అలా చెప్పదు. 1971 నవంబరు 22న బొయ్రా దగ్గర మన నాట్ విమానాలు పాకిస్తాన్ సేబర్లను కూల్చాయి. నాట్ చాలా చిన్నది, చవకైనది, గాల్లో ఎదుటివాడి కంటికి ఆనేది కాదు. హైడ్రాలిక్స్‌తో మెకానిక్కుల ప్రాణం తీసేది, అది వేరే విషయం. ఆ రోజు పట్టుబడిన పాకిస్తాన్ పైలట్ పర్వేజ్ మెహదీ ఖురేషీ తర్వాత ఆ దేశ వాయుసేనాధిపతి అయ్యాడు.

ఇంకా మంచి ఉదాహరణ కార్గిల్. 1999 మే 27న మనం ఒక మిగ్-21, ఒక మిగ్-27 పోగొట్టుకున్నాం. ఇంజన్ ఆగిపోయిన ఆ మిగ్-27 పైలట్ కంభంపాటి నచికేత. మర్నాడు ఒక ఎంఐ-17 హెలికాప్టర్ కూడా పోయింది. తర్వాత మిరాజ్-2000కి లైట్‌నింగ్ పాడ్ (లేజర్‌తో గురి చూపే పరికరం), లేజర్ బాంబులు హడావిడిగా బిగించి జూన్ 24న టైగర్ హిల్ మీద వేశారు. విమానం అంతకు దాదాపు పదిహేనేళ్ళ ముందు నుంచీ మన దగ్గర ఉన్నదే. కొత్తగా చేరినవి పాడ్, బాంబు కిట్. విమానం ధరలో అవి చిన్న ముక్క, ఫలితం మాత్రం యుద్ధం గతినే మార్చింది.

సుఖోయ్‌కి బ్రహ్మోస్ బిగించడం కూడా అదే దారి. 2017 నవంబరులో బంగాళాఖాతం మీద మొదటిసారి వదిలారు. 2020 జనవరిలో తంజావూరులో ఆ క్షిపణితో ఒక స్క్వాడ్రన్ మొదలైంది. మన కోస్తా సముద్రానికి కాపలా అదే. పాత విమానం, కొత్త చెయ్యి.

ఆపరేషన్ సిందూర్‌లో రఫేల్ కూలిందా? అయితే అంత డబ్బు వృథాయేనా?

మన వైపు కొన్ని నష్టాలు జరిగాయని త్రిదళాధిపతి అనిల్ చౌహాన్ 2025 మే 31న సింగపూర్‌లో ఒప్పుకున్నారు. ఎన్ని, ఏవి అన్నది చెప్పలేదు. ఆరు కూల్చామన్న పాకిస్తాన్ మాట పూర్తిగా తప్పన్నారు. లోపం ఎక్కడ జరిగిందో గుర్తించి, సరిదిద్దుకుని, రెండు రోజుల్లో మళ్ళీ విమానాలన్నీ ఎగరేశామన్నారు. ఆగస్టులో వాయుసేనాధిపతి ఏ.పీ. సింగ్, ఎస్-400 క్షిపణి వ్యవస్థలతో పాకిస్తాన్‌వి అయిదు యుద్ధవిమానాలు, ఒక పెద్ద విమానం కూల్చామని, ఆ పెద్దదాన్ని సుమారు 300 కిలోమీటర్ల దూరం నుంచి కొట్టామని చెప్పారు. పాకిస్తాన్ కాదంది.

ఎవరి లెక్క వాళ్ళది. నాకు కనిపించినంతలో, సిందూర్ మొదలైన రాత్రి రెండు వైపులా పైలట్లు ఒకరినొకరు కళ్ళతో చూసుకోలేదు. దూరం నుంచి చూసే రాడార్ విమానం, ఆ సమాచారాన్ని పైలట్‌కి చేర్చే లింకు, దూరం వెళ్ళే మిస్సైల్, ఈ మూడూ కలిస్తేనే దెబ్బ తగులుతుంది. మనకు ఫాల్కన్ రాడార్ విమానాలున్నవి మూడు. గాల్లో ఇంధనం నింపే ఐఎల్-78లు ఆరు, వాటి లభ్యతను కాగ్ కూడా తప్పుపట్టింది. వీటి గురించి టీవీలో చర్చ పెట్టరు. రఫేల్ బొమ్మ బాగుంటుంది, ట్యాంకర్ బొమ్మ ఏం బాగుంటుంది?

సమాచారం తప్పితే ఏమవుతుందో 2019 ఫిబ్రవరి 27న బుద్గాంలో చూశాం. మన స్పైడర్ క్షిపణి మన ఎంఐ-17నే కూల్చింది. ఆరుగురు వాయుసైనికులు, ఒక పౌరుడు పోయారు. క్షిపణి మంచిదే, హెలికాప్టరూ మంచిదే. ఎవరు మనవాళ్ళో తెలుసుకునే వ్యవస్థ ఆ క్షణంలో పనిచేయలేదు.

శ్రీహరికోటకీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. 2018 డిసెంబరు 19న జీఎస్ఎల్‌వీ-ఎఫ్11 మీద వెళ్ళిన 2,250 కిలోల జీశాట్-7ఏ ఉపగ్రహం ముఖ్యంగా వాయుసేన కోసమే. నేలమీది రాడార్లు, స్థావరాలు, గాల్లోని రాడార్ విమానాలు, డ్రోన్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవడానికి అది వంతెన. సూళ్ళూరుపేట, నాయుడుపేట వాళ్ళు మేడల మీద నిలబడి చూసిన ఆ రాకెట్ మోసిన ఉపగ్రహం, పై జవాబులో చెప్పిన లింకులో ఒక భాగం.

డ్రోన్లు వచ్చాక ఇంత ఖరీదైన విమానాలు ఇంకా కావాలా?

నెల్లూరు వరి పొలాల్లో మందు కొట్టే డ్రోన్ని చూసి ఒక రైతు నన్ను అడిగిన ప్రశ్న ఇది. 2025 జూన్ 1న ఉక్రెయిన్ 117 చిన్న డ్రోన్లను లారీల మీద చెక్క క్యాబిన్లలో దాచి రష్యా లోపలికి పంపి, స్థావరాల్లో నిలబెట్టి ఉన్న టీయూ-95, టీయూ-22 బాంబర్లను తగలబెట్టింది. నేలమీద ఉన్న విమానం ఎంత ఖరీదైనదైనా ఒక డబ్బాతో సమానమే.

ఇంకో ఇబ్బంది లెక్కది. షాహెద్ రకం డ్రోన్ వేల డాలర్లలో దొరుకుతుంది. దాన్ని కూల్చడానికి వదిలే పేట్రియాట్ క్షిపణి ఒక్కోటి సుమారు 40 లక్షల డాలర్లు. రోజూ అలా కూలుస్తూ పోతే కూల్చేవాడే దివాళా తీస్తాడు. అందుకే 2025 మేలో మన సైన్యం డ్రోన్ల మీదికి పాత ఎల్-70 తుపాకులు వాడింది. పాతవే, కాకపోతే కొత్త రాడార్లు, కెమెరాలు బిగించినవి.

అయినా చిన్న డ్రోన్ బ్రహ్మోస్‌ని మోయలేదు, శత్రువు విమానాన్ని తరమలేదు, సిగ్నల్ జామ్ చేస్తే దారి తప్పుతుంది. రెండూ కావాలి. కానీ ఖరీదైన విమానాలకు షెడ్లు కూడా కట్టకుండా ఎండలో వరుసగా నిలబెట్టే రోజులు పోయాయి.

తేజస్ ఎందుకంత ఆలస్యం? బయట కొనేస్తే పోయేది కదా?

1983లో మంజూరైంది, 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది. 2021లో 83 తేజస్ మార్క్-1ఏలకు సుమారు 48,000 కోట్లతో ఆర్డరిస్తే, 2024లో అందడం మొదలు కావాల్సినవి అమెరికా ఇంజన్లు రాక ఆగిపోయాయి. ఆ ఆర్డరుకు సంబంధించిన మొదటి ఇంజన్ 2025 మార్చిలో వచ్చింది. సొంత ఇంజన్ కావేరీ 1989 నుంచీ నడుస్తూనే ఉంది, 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు. గుండెకాయ వేరేవాళ్ళ చేతిలో ఉంటే ఇంతే.

ఈలోగా 2025 సెప్టెంబరు 26న చివరి మిగ్-21లు చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి. 42 స్క్వాడ్రన్లు ఉండాల్సినచోట 29 మిగిలాయి. సరిగ్గా అదే వారంలో ఇంకో 97 తేజస్‌లకు 62,370 కోట్ల ఒప్పందం కుదిరింది. నేను తేజస్ పక్షమే. రఫేల్‌తో సమానమని కాదు. అర్ధరాత్రి ఒక భాగం కావాలంటే బెంగళూరుకు ఫోన్ చేస్తే చాలు కాబట్టి. బయట కొంటే ఆ ఫోన్ పారిస్‌కో మాస్కోకో చేయాలి, అవతల వాళ్ళ మూడ్ బాగుండాలి.

ఈ డబ్బు ఆసుపత్రులకూ బడులకూ పెడితే మేలు కదా?

అడగాల్సిన ప్రశ్నే. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు, అందులో దాదాపు 1.6 లక్షల కోట్లు నాలాంటివాళ్ళ పెన్షన్లకే పోయింది. కొత్త ఆయుధాలు, విమానాలు, ఓడలు అన్నీ కలిపి కొనడానికి ఆ ఏడాది పెట్టింది 1.8 లక్షల కోట్ల లోపు. విమానం మానేస్తే వచ్చే డబ్బు మనం అనుకున్నంత ఉండదు. తప్పు విమానం కొంటే పోయే డబ్బు మాత్రం మనం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది.

మా అబ్బాయికి యుద్ధవిమానాలంటే పిచ్చి. ఏం చదవాలి?

ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండేలా చూడండి. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష అప్పుడే రాయొచ్చు. డిగ్రీ లేదా ఇంజనీరింగ్ అయ్యాక ఏఎఫ్‌క్యాట్ (వాయుసేన ఆఫీసర్ల ప్రవేశ పరీక్ష) ఉంది. అగ్నివీర్ వాయు ద్వారా కూడా చేరొచ్చు, కానీ అది నాలుగేళ్ళే అని ముందే తెలుసుకుని చేరాలి. చిన్న పిల్లలైతే కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ళకు ప్రవేశ పరీక్ష రాయించండి. అమ్మాయిలకూ ఇప్పుడు ఈ దారులన్నీ తెరిచే ఉన్నాయి. కళ్ళజోడు వల్ల పైలట్ కాలేకపోతే ఏడవక్కర్లేదు. ఇంజనీరింగ్ శాఖలో చేరితే ఆ విమానం పొద్దున లేస్తుందా లేదా అని సంతకం పెట్టేది వాడే.